ఇంట్లో పెద్ద పాము పెంచాలంటే: ముందు కాగితాలు, తర్వాత పెట్టె, ఆఖరున పాము

"బోవా కొనొచ్చా?", "బాల్ పైథాన్‌కి లైసెన్స్ కావాలా?", "పొలంలో కొండచిలువ పిల్ల దొరికింది, పెంచుకుంటే తప్పా?" అంటూ అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఎక్కువమంది పామును ముందు కొనేసి, పెట్టె కోసం తర్వాత పరిగెత్తి, కాగితాల సంగతి ఎవరో భయపెట్టినప్పుడు తలుచుకుంటున్నారు. ఈ వరస తిరగబడితేనే పని సవ్యంగా సాగుతుంది. కింది అంచెలను అదే క్రమంలో పాటించండి. కాగితాలు సరిచూసుకోకుండా, పెట్టె సిద్ధం కాకుండా పామును ఇంటికి తేవద్దు.

## 1. ఏ పాము కుదురుతుంది, ఏది కుదరదు

మన కొండచిలువ (ఇండియన్ రాక్ పైథాన్) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. దాన్ని పట్టడం, ఉంచుకోవడం, అమ్మడం అన్నీ నేరాలే. శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, దాంతోపాటు 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. "పిల్లే కదా, పెద్దయ్యాక అడవిలో వదిలేస్తాను" అన్నా చట్టం ఒప్పుకోదు. పొలంలో కనబడితే దూరం నుంచి చూస్తూ అటవీ శాఖకు ఫోన్ చేయడమే మీ పని. ఇంకో ప్రమాదం కూడా ఉంది. రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అమ్మేవాళ్లు ఎక్కువగా బోల్తా కొట్టించేది ఇక్కడే: "ఇది బర్మీస్ పైథాన్ సార్, ఫారిన్ పాము, మన చట్టం దీనికి లేదు." తప్పు. బర్మీస్ పైథాన్ మన ఈశాన్య రాష్ట్రాల్లో, రెటిక్యులేటెడ్ పైథాన్ నికోబార్ దీవుల్లో సహజంగానే ఉన్నాయి. కాబట్టి అవి మన దేశపు వన్యప్రాణులే. పసుప్పచ్చ అల్బినో అయినా జాతి మారదు. రెండు తలల పాము అని పిలిచే పూడుపాము, జెర్రిపోతు, నాగుపాము వంటి ఊరి పాములనూ ఇంట్లో పెంచకూడదు.

ఇక చట్టం ఒప్పుకునేవి మన దేశంలో సహజంగా లేనివి, కాగితాలు సరిగ్గా ఉన్నవి. మన దగ్గర ఎక్కువగా కనిపించేవి ఇవి, అన్నీ విషం లేకుండా చుట్టి చంపే పాములే:

- బాల్ పైథాన్: పెరిగితే మీటరు నుంచి మీటరున్నర. మొదటిసారి పెంచేవారికి ఇదే హద్దు అంటాను.
- బోవా: ఆడది రెండు, రెండున్నర మీటర్లు పెరగడం మామూలే, బరువు పది కిలోలు దాటొచ్చు. చిన్న పాముతో కొన్నేళ్ల అనుభవం ఉన్నవారికే.
- అనకొండ: వద్దు. నాలుగు మీటర్లు దాటే పామును ఇంట్లో మనిషి ఒంటరిగా సంభాళించలేడు.

బాల్ పైథాన్ అయినా, బోవా అయినా చక్కగా చూసుకుంటే ఇరవై నుంచి ముప్పై ఏళ్లు బతుకుతుంది. బీటెక్ అయ్యాక ఎంఎస్‌కి వెళ్లాలనుకునే కుర్రాళ్లు ఈ ఒక్క అంకె దగ్గర కాసేపు ఆగాలి. పాము అమ్మానాన్నల మెడకు పడుతుంది. వాళ్లు అడిగిన పాము కాదది.

## 2. కాగితాలు

2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువులన్నీ ఈ సవరణతో మన చట్టంలో షెడ్యూల్ 4లోకి వచ్చాయి. బోవాలు, విదేశీ పైథాన్లు అందులోనే ఉన్నాయి. వీటిని ఉంచుకునే ప్రతి ఒక్కరూ సెక్షన్ 49ఎమ్ కింద నమోదు చేసుకోవాలి. ఎలా చేసుకోవాలో చెప్పే నియమాలు 2024 ఫిబ్రవరి 28న వచ్చాయి. అప్పటికే పాములు ఉన్నవారికి ఆరు నెలల గడువిచ్చారు, అది 2024 ఆగస్టుతోనే ముగిసింది. ఇప్పుడు కొత్తగా తెచ్చుకునేవారు పాము చేతికొచ్చిన ముప్పై రోజుల్లోగా దరఖాస్తు చేయాలి.

దరఖాస్తు కేంద్ర పర్యావరణ శాఖ పరివేశ్ 2.0 పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే. అది మీ రాష్ట్రపు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు చేరుతుంది. చేయాల్సిన వరస:

1. కొనే ముందే అమ్మేవారి పేరు మీద ఆ పాముకు ఉన్న నమోదు పత్రం అడగండి. పత్రంలో పేరు, గుర్తింపు కార్డులో పేరు ఒకటే కావాలి.
2. పాము పైనుంచి, పక్కనుంచి, తల దగ్గరనుంచి ఫోటోలు తీయండి. పైథాన్లు, బోవాల ఒంటి మచ్చలు ఒకదానివి ఇంకొకదానికి ఉండవు. రేపు "ఇది ఆ పామేనా?" అని ఎవరైనా అడిగితే అవే సాక్ష్యం.
3. అమ్మకం రశీదు రాతపూర్వకంగా తీసుకోండి: జాతి, ఆడా మగా, వయసు, తేదీ, ఇద్దరి చిరునామాలు.
4. బదిలీ జరిగినట్టు అమ్మినవారూ పోర్టల్‌లో తెలపాలి. వాళ్లు ఆ పని చేశాకే మిగతా డబ్బు ఇవ్వండి.
5. మీ దరఖాస్తు పెట్టి, రసీదు నంబరు, తర్వాత వచ్చే పత్రం ప్రింటు తీసి పెట్టె దగ్గరే ఒక ఫైల్లో ఉంచండి.

పాము విదేశం నుంచి దిగుమతైనదైతే చిట్టా పెద్దదవుతుంది: ఎగుమతి చేసిన దేశపు సైటిస్ పర్మిట్, మన డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్) దిగుమతి అనుమతి, జంతు క్వారంటైన్ క్లియరెన్స్. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో కుక్కి తెచ్చిన పాములు చెన్నై విమానాశ్రయంలో పదేపదే పట్టుబడుతున్నాయి. అలా దొంగతనంగా వచ్చినదానికి తర్వాత ఎంత కాగితం పుట్టించినా మూలం బయటపడితే పాము పోతుంది, కేసు మిగులుతుంది. సెక్షన్ 49ఎమ్ ఉల్లంఘనకు మూడేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఈ మాటలు వింటే బేరం ఆపేయండి:

- "రిజిస్ట్రేషన్ మీరే చేసుకోండి, చాలా ఈజీ."
- "పేపర్లు కావాలంటే రేటు వేరు."
- "బస్సు పార్శిల్‌లో వేసి పంపుతాం."
- "2020లో డిక్లేర్ చేసిన పాము, అదే పేపర్ చాలు." అప్పటి స్వచ్ఛంద వెల్లడి పథకం నాటి పత్రం 2024 నియమాల నమోదుకు బదులు కాదు.

దుకాణంలో కొంటే, ఆ దుకాణానికి 2018 పెట్ షాప్ నియమాల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా చూడండి. అడిగితే మొహం చిట్లించే దుకాణం మీకు పనికిరాదు.

## 3. ఇల్లు, ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు

అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోలు రాతలో తీసుకోండి. దాచిపెట్టి పెంచితే ఎప్పుడో పనిమనిషి కంట పడుతుంది, ఆ సాయంత్రానికే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపంతా పాకుతుంది.

ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, కీమో తీసుకుంటున్నవారు, బాగా పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో పాము పెట్టవద్దనే నా మాట. సరీసృపాల ఒంటిమీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉంటుంది. దానివల్ల పాముకు ఏమీ కాదు, ఇబ్బందల్లా మనుషులకే. పాము గిన్నెలు వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మీ నిర్లక్ష్యం వల్ల పెంపుడు జంతువు మనుషులకు ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 కింద కేసు పెట్టొచ్చు. ఆరు నెలల వరకు జైలుకు వీలుంది. విషం లేని పాము కదా అన్న వాదన అక్కడ పెద్దగా పనిచేయదు.

## 4. పెట్టె

పాము ఒళ్లు పూర్తిగా చాచుకోగలగాలి. పెరిగిన బాల్ పైథాన్‌కి కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. బోవాకి కనీసం ఆరడుగులు, రెండు, రెండు. పొడవైన బోవాకి ఎనిమిదడుగులు ఇవ్వండి.

వడ్రంగితో చేయించుకోవడమే మన దగ్గర చవక. ప్లైవుడ్‌కు లోపల నీళ్లు పీల్చని పూత వేయించి, వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు ఖాళీగా ఉంచండి. ముందువైపు జరిగే గాజు తలుపులు, వాటికి షోకేసులకు వాడే తాళం. తాళం లేని పెట్టె, పెట్టె కిందే లెక్క రాదు. పైథాన్‌కు తల దూరే సందు దొరికితే మిగతా ఒళ్లు నెమ్మదిగా వస్తుంది. గాలి కోసం రెండు పక్కలా స్టీలు జాలీ బిగించండి. దోమతెర జాలీ నిలవదు.

లోపల ఉండాల్సినవి:

- దాక్కునే చోట్లు రెండు, ఒకటి వేడి వైపు, ఒకటి చల్ల వైపు. పాము చుట్టుకుంటే గోడలు ఒంటికి తగిలేంత ఇరుకుగా ఉండాలి.
- ఒళ్లంతా మునిగేంత బరువైన నీళ్ల తొట్టి, రోజూ మార్చాలి.
- నేల మీద కొబ్బరి పొట్టు, రెండు మూడు అంగుళాల మందం. మన దగ్గర ఇది చవగ్గా, సులువుగా దొరుకుతుంది. దేవదారు రంపపు పొట్టు మాత్రం వద్దు, దాని నూనెలు పాము ఊపిరితిత్తులకు హాని.
- బోవాకి ఎక్కడానికి లావుపాటి కొమ్మ, స్క్రూలతో గట్టిగా బిగించినది.

ఒక పెట్టెలో ఒక పామే. "తోడు కోసం" ఇంకోటి వేయాలనుకోవడం మన ఆలోచన, వాటికి ఆ కోరిక లేదు.

## 5. వేడి, తేమ: మన ఎండల లెక్క వేరు

ఇంటర్నెట్‌లో దొరికే సూచనలన్నీ చలి దేశాలవి, పెట్టెను ఎలా వేడి చేయాలో చెబుతాయి. మనకు ఏప్రిల్, మే నెలల్లో అసలు పని చల్లబరచడం.

కావాల్సిన అంకెలు ఇవి. బోవాకి వేడి మూల 31 నుంచి 33 డిగ్రీలు, చల్ల మూల 25 నుంచి 27, తేమ 60 నుంచి 70 శాతం. బాల్ పైథాన్‌కి వేడి మూల ఒక డిగ్రీ ఎక్కువ, తేమ 60 నుంచి 80 శాతం. పాము ఒళ్లు వేడెక్కించుకోవడం, చల్లార్చుకోవడం తిరిగే చోటును బట్టే కాబట్టి రెండు మూలల మధ్య తేడా ఉండాల్సిందే. పెట్టె మొత్తం 30 డిగ్రీలు ఉంటే అది సగటున బాగున్నట్టు కనిపిస్తుంది కానీ పాముకు ఎటు పోవాలో తెలియదు.

వేడిచేసే పరికరం ఏదైనా, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ప్లగ్ పెట్టకండి. దాని సెన్సార్ వైరును వేడి మూలలో కదలకుండా బిగించండి. పాము తోసి సెన్సార్ చల్లటి చోట పడితే, ఇంకా వేడెక్కలేదనుకుని హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. పాములు కాలిన గాయాలతో డాక్టరు దగ్గరకు రావడానికి ఇదొక కారణం, లోపలి బల్బుకు జాలీ తొడగకపోవడం ఇంకొకటి. హీట్ రాక్ అని అమ్మే రాళ్లు కొనవద్దు.

ఎండాకాలం చల్ల మూల 32 దాటుతోందంటే హీటర్లు పూర్తిగా ఆపేయండి. పెట్టెను పడమటి గోడ నుంచి, పై అంతస్తు స్లాబు కింద నుంచి జరపండి. గది 28 దగ్గర ఉండేలా ఏసీ పెడితే సరిపోతుంది, 22 వద్దు. ఎయిర్ కూలర్ హైదరాబాద్ పొడి ఎండకు పనికొస్తుంది. విజయవాడ, విశాఖ ఉక్కకు అదే కూలర్ తేమను ఇంకా పెంచి పాము పొట్ట కింద పొలుసులు కుళ్లేలా చేస్తుంది. కోస్తాలో గాలి ఆడేలా జాలీ పెంచండి, కొబ్బరి పొట్టు పై పొర పొడిగా ఉండేలా చూడండి.

డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్, హైదరాబాద్ వైపు హీటర్ తప్పదు. తేమ కూడా పడిపోతుంది కాబట్టి చల్ల వైపు గూట్లో తడిపి పిండిన నాచు పెట్టండి. కరెంటు పోతే కంగారు పడనక్కర్లేదు. గాలి రంధ్రాలు వదిలి పెట్టె మీద దుప్పటి కప్పండి. ఆరోగ్యమైన పాము ఒక రాత్రి 21, 22 డిగ్రీల్లో గడిపినా ఏమీ కాదు. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు మాత్రం ఆలస్యం చేయకూడదు.

పాము రాకముందే పెట్టెను రెండు వారాలు ఖాళీగా నడిపి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అంకెలు రాసుకోండి. అంకెలు నిలకడగా రాకపోతే పాము తేదీ వాయిదా వేయండి.

## 6. మొదటి మూడు నెలలు

వచ్చిన వారం పాటు మేత లేదు, ముట్టుకోవడం లేదు, బంధువులకు చూపించడం అసలే లేదు. నీళ్లు మార్చడం, మలం తీయడం మాత్రమే. వరసగా మూడు మేతలు సరిగ్గా తిన్నాక పట్టుకోవడం మొదలుపెట్టండి.

ఇంట్లో ఇంకో పాముంటే కొత్తదాన్ని వేరే గదిలో తొంభై రోజులు ఉంచండి. పనిముట్లూ వేరుగా ఉండాలి. పాత పాము పని ముందు, కొత్తదాని పని తర్వాత. పొలుసుల సందుల్లో, కళ్ల చుట్టూ, నీళ్ల తొట్టిలో ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు కదిలితే అవి మైట్లు, పాము రక్తం పీల్చే పురుగులు. కుక్కలకు వాడే గోమారి స్ప్రే తెచ్చి కొట్టకుండా డాక్టరును అడగండి.

## 7. మేత

పాము ఒంటి మధ్యభాగం ఎంత లావో మేత అంతే లావుండాలి. బాల్ పైథాన్ పిల్లకు వారం పది రోజులకు ఒకసారి, బోవా పిల్లకు పది నుంచి పద్నాలుగు రోజులకు ఒకసారి, పెద్ద బోవాకు మూడు నాలుగు వారాలకు ఒకసారి చాలు. పాములు ఆకలితో చావడం కంటే ఒళ్లు బలిసి చావడమే పెంపకంలో ఎక్కువగా చూస్తాం.

మేత అంటే ఒళ్లు మొత్తంతో ఉన్న ఎలుక. చికెన్ ముక్కల్లో లివర్, పేగుల వంటి లోపలి భాగాలు ఉండవు కాబట్టి అవి చాలవు. ఇంట్లో బోనుకు పడ్డ ఎలుకను వేయకండి, ఎవరో పెట్టిన ఎలుకల మందు తిని ఉండొచ్చు. పాలు పోయడాలు పుట్ట దగ్గరే వదిలేయండి.

బతికున్న ఎలుకను వేస్తే పామును కొరికి కళ్లు, వెన్ను పాడుచేస్తుంది. చంపి గడ్డకట్టించినదే మేలు. దానికి విడిగా చిన్న ఫ్రీజర్ పెట్టుకోండి. వేసే విధానం:

1. ముందురోజు రాత్రి కింది ఫ్రిజ్‌లోకి మార్చి మంచు కరగనివ్వండి.
2. కవర్లో కట్టి గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచండి. మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది.
3. పొడవాటి పట్టకారుతో తోక వైపు పట్టుకుని అందించండి. చేత్తో ఎప్పుడూ వద్దు.
4. మింగాక 48 గంటలు కదిలించకండి.

మింగింది కక్కేస్తే వెంటనే ఇంకోటి పెట్టడం చాలామంది చేసే తప్పు. రెండు వారాలు ఆగి, వేడి అంకెలు సరిచూసుకుని, సగం సైజు మేత ఇవ్వండి. మళ్లీ కక్కితే డాక్టరు. బాల్ పైథాన్ చలికాలంలో నెలల తరబడి తినకపోవడం మామూలే. నెలకోసారి తూకం వేసి, బరువు పదో వంతు కంటే తగ్గితేనే టెన్షన్ పడండి.

## 8. పట్టుకోవడం, కాటు, చుట్టు

పెట్టె తెరవగానే చెయ్యి పెట్టకండి. హుక్‌తో ఒంటిమీద మెల్లగా తాకండి. ఇది మేత కాదని దానికి అలా తెలుస్తుంది. ఎలుకను ముట్టిన చేతులతో, కుబుసం విడిచే ముందు కళ్లు పాలరంగులోకి తిరిగిన రోజుల్లో పట్టుకోవద్దు. రెండు మీటర్లు దాటిన పామును ఇద్దరు లేకుండా బయటికి తీయకూడదు. మెడలో దండలా వేసుకుని రీల్స్ తీయడం వద్దే వద్దు.

కరిస్తే చెయ్యి వెనక్కి లాగకండి. వాటి పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీలుతుంది, దాని పళ్లు ఊడతాయి. నోటి మీద చల్లటి నీళ్లు పోయండి, వదలకపోతే నోటి అంచున రెండు చుక్కలు శానిటైజర్. చుట్టేస్తే తోక చివర నుంచి విప్పుకుంటూ రావాలి, తల దగ్గర లాగితే ఇంకా బిగుస్తుంది. విషం లేకపోయినా గాయం కడిగి ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి.

## 9. జబ్బుల గుర్తులు

పామును చూసే పశువైద్యుణ్ని పాము కొనకముందే వెతికి పెట్టుకోవాలి. కుక్కల క్లినిక్కులు వీధికొకటి ఉన్నాయి కానీ సరీసృపాలు తెలిసినవారు తక్కువ. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, తిరుపతిలో పశువైద్య కళాశాలలున్నాయి, అక్కడ ఎవరు చూస్తారో ముందే కనుక్కోండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆలస్యం వద్దు:

- నోరు తెరిచి ఊపిరి, ముక్కు దగ్గర బుడగలు, ఈల శబ్దం
- చిగుళ్ల దగ్గర జున్నులాంటి చీము
- పొట్ట పొలుసులు ఎర్రబడటం, పొక్కులు
- తల పైకెత్తి వెనక్కి తిప్పి అలాగే ఉండిపోవడం

ఆఖరిది బోవాల్లో ఐబీడీ అనే వైరస్ జబ్బుకు గుర్తు కావొచ్చు. దానికి మందు లేదు, మైట్ల ద్వారా కూడా పాకుతుంది. క్వారంటైన్ తొంభై రోజులనడం ఊరికే కాదు.

కుబుసం ముక్కలుగా ఊడుతోందంటే తేమ తక్కువ. తడి తువ్వాలు వేసిన డబ్బాలో అరగంట ఉంచితే మిగిలింది వస్తుంది. కంటి మీద పొర ఉండిపోతే పటకారుతో పీకవద్దు.

## 10. తప్పించుకుంటే

ముందు గది తలుపు మూసి, కింద సందుకు తువ్వాలు కుక్కండి. బాత్రూమ్ గొట్టాలకు మూతలు పెట్టండి. ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ అడుగున, పుస్తకాల వెనక, ఇన్వర్టర్ చుట్టూ, ఫాల్స్ సీలింగ్‌లో చూడండి. రాత్రి గుమ్మాల దగ్గర పలచగా పిండి చల్లితే ఎటు పోయిందో తెలుస్తుంది.

ఇంట్లో దొరక్కపోతే పరువు కోసం దాచవద్దు. పక్కవాళ్లకు, వాచ్‌మన్‌కు ఫోటో చూపించి విషం లేదని చెప్పండి, అటవీ శాఖకు తెలపండి. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి రక్షకులున్నారు. మీరు చెప్పకపోతే ముందుగా చూసినవాడి చేతిలో కర్ర ఉంటుంది.

## 11. ఊరు మారితే, వదులుకోవాలంటే, చనిపోతే

ఇల్లు మారినా, రాష్ట్రం మారినా వార్డెన్ ఆఫీసుకు ముందే తెలిపి, నమోదు పత్రం వెంట ఉంచుకుని ప్రయాణించండి. బట్ట సంచిలో మూతి ముడివేసి, రంధ్రాలున్న గట్టి డబ్బాలో పెట్టి, మీ కారులోనే తీసుకెళ్లండి. ఎండలో ఆపిన కారులో పది నిమిషాలు కూడా వదలకండి.

అమెరికా వెళ్లేవారు పామును వెంట తీసుకుపోవడం దాదాపు కాని పని. అక్కడికి వెళ్లాక పెంచుదామనుకున్నా నియమాలు తక్కువేం కావు. లేసీ చట్టం అనే అమెరికా వన్యప్రాణి చట్టం కింద బర్మీస్, ఇండియన్, రెటిక్యులేటెడ్ పైథాన్లు, అనకొండల దిగుమతి నిషిద్ధం. ఫ్లోరిడా 2021లో వాటిని నిషిద్ధ జాబితాలో పెట్టింది, ఎందుకంటే వదిలేసిన, తప్పించుకున్న బర్మీస్ పైథాన్లు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలను ఆక్రమించాయి. హవాయిలో ఏ పామునూ పెంచకూడదు. మిగతా రాష్ట్రాల్లో నగరాన్ని బట్టి, కమ్యూనిటీ అసోసియేషన్‌ను బట్టి మారుతుంది.

పాము భారమైతే చెరువు గట్టున, అడవి అంచున వదలడం కుదరదు. నమోదు చేసుకున్న ఇంకో పెంపకందారుకు పోర్టల్ ద్వారా బదిలీ చేయండి. ఎవరూ దొరక్కపోతే అటవీ శాఖను రాతపూర్వకంగా అడగండి. జూలు పెంపుడు బోవాలను తేలిగ్గా తీసుకోవు, కాబట్టి విమానం టికెట్ తీసుకున్నాక కాదు, ఆరు నెలల ముందే మొదలుపెట్టండి.

పిల్లల్ని పుట్టించే ఆలోచన ఉంటే, బోవా గుడ్లు పెట్టదు, ఒక్కో ఈతకు పాతిక, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పిల్లలు రావచ్చు. అన్నీ పోర్టల్‌లో చూపాలి, అన్నిటికీ ఇళ్లు వెతకాలి.

చనిపోతే పెరట్లో పూడ్చేసి ఊరుకోకండి. పశువైద్యుడితో పోస్టుమార్టం చేయించి, ఆ నివేదికతో పోర్టల్‌లో మరణం నమోదు చేయండి. చర్మం దాచుకోవద్దు. నివేదిక నకలు, నమోదు పత్రం రెండూ ఫైల్లోనే ఉంచండి. తర్వాతెప్పుడైనా లెక్క అడిగితే చూపించాల్సింది అవే.